కాంతి వాటం చూడాలంటే మేడ తాళం తీయాలి



మన గోడపత్రికలో ఎప్పుడూ కథలు, పొడుపుకథలు, సూక్తులు వస్తుంటాయి. ఈసారి భౌతికశాస్త్రం మీద నా అభిప్రాయం రాస్తానంటే సంపాదకవర్గంలో అన్నలు నవ్వారు. "ఫిజిక్సా? ఎవరు చదువుతార్రా?" అన్నారు. మెస్ లైనులో పళ్లెం పట్టుకొని పావుగంట నిలబడేది ఈ గోడ పక్కనే కదా. నిలబడ్డవాళ్లు చదువుతారని నా నమ్మకం. సాంబారు ఆలస్యమైన రోజున రెండుసార్లు చదువుతారు.

నేను రాసేది కాంతి ధ్రువణం గురించి.

మన పదో తరగతి సైన్సులో కాంతి మీద రెండు పాఠాలున్నాయి. అద్దాలు, కటకాలు, కంటి జబ్బులు, ఇంద్రధనుస్సు, ఆకాశం నీలంగా ఎందుకుంటుందో అన్నీ చెప్పారు. ధ్రువణం ఊసు లేదు. ఆ మాట వినాలంటే ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఆగాలి. సరే, అక్కడైనా అర్థమవుతోందా అని సెలవులకు వచ్చిన మన పాత విద్యార్థుల్ని అడిగాను. "నిర్వచనం రాసి, బొమ్మేసి, మాలస్ నియమం రాస్తే మార్కులు పడతాయి, అసలు సంగతి మాకూ తెలీదు" అన్నాడొక అన్న. ఇంకో అక్క "మేం దాన్ని ఛాయిస్‌లో వదిలేశాం" అంది. వాళ్లు మన బడిలో ఫస్టు, సెకండు వచ్చినవాళ్లు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ధ్రువణం కష్టమైన పాఠం కాదు. కంటితో చూడాల్సినదాన్ని బట్టీ పట్టించడం వల్ల కష్టమైంది. చూడ్డానికి లక్ష రూపాయల ల్యాబ్ అక్కర్లేదు. పాడైపోయిన కాలిక్యులేటర్ ఒకటి, సాయంత్రం అరగంట మన మేడ మీద ఆకాశం ఉంటే చాలు. మేడకు తాళం ఉంది. ఆ తాళం సంగతి చివర్లో మాట్లాడతాను.

ముందు ఆ పేరు గొడవ చూద్దాం. మనలో కొందరి ఇళ్లల్లో లంబాడీ మాట్లాడతారు, కొందరి ఇళ్లల్లో కోయ, కొందరివి ఎరుకల ఇళ్లు. పుస్తకంలో తెలుగే మనకి సగం కొత్త. దాని మీద 'ధ్రువణం' అంటే ఏం తోస్తుంది? ధ్రువ నక్షత్రం, ఉత్తర ధ్రువం, అయస్కాంతం ధ్రువాలు తోస్తాయి. వాటికీ దీనికీ చుట్టరికం లేదు. ఆ పేరు పెట్టింది మాలస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. 1808లో పారిస్‌లో లక్సంబర్గ్ భవనం కిటికీ అద్దాల మీద పడి తిరిగొస్తున్న సాయంకాలపు ఎండని ఒక స్ఫటికంలోంచి చూశాడు. ఆ స్ఫటికం గుణం ఏమిటంటే దాంట్లోంచి చూస్తే ఏ వస్తువైనా రెండుగా కనబడుతుంది. ఆ రోజు స్ఫటికాన్ని తిప్పుతుంటే రెండు బొమ్మల్లో ఒకటి మసకబారడం మొదలైంది. కాంతి అంటే సన్నని కణాలనీ, వాటికి అయస్కాంతంలా ధ్రువాలుంటాయనీ ఆయన అనుకున్నాడు. ఆ ఊహ నిలవలేదు. కాంతి అడ్డంగా ఊగే అల అని 1821 నాటికి ఫ్రెనెల్ అనే ఆయన చూపించాడు. ఊహ పోయింది, పేరు మిగిలిపోయింది. అది మన నెత్తి మీదకొచ్చింది.

నన్నడిగితే దీనికి మన దగ్గర చక్కటి మాటుంది: వాటం. ఎడమచేతి వాటం అంటాం, నీళ్లు పోవడానికి గచ్చుకి వాటం ఉండాలంటాం. కాంతికీ ఒక వాటం ఉంటుంది. పరీక్షలో 'ధ్రువణం' అనే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. బుర్రలో మాత్రం వాటం అని పెట్టుకోండి.

వాటం అంటే ఏమిటో ఇప్పుడు చెప్తాను. బట్టలారేసే తాడు ఒక కొస కిటికీకి కట్టి, రెండో కొస పట్టుకొని పైకీ కిందికీ ఊపండి. అల కిటికీ వైపు పోతుంది, తాడు మాత్రం పైకీ కిందికీ ఆడుతుంది. పక్కలకి ఊపితే పక్కలకి ఆడుతుంది. అల పోయే దారి ఒకటే, ఊగే వాటం వేరు. కాంతిలో ఊగేది తాడు కాదు, విద్యుత్ క్షేత్రం అంటారు, దాని సంగతి పై తరగతుల్లో చూసుకుందాం. ఎండలో, బల్బు వెలుగులో అన్ని వాటాలూ కలగాపులగంగా ఉంటాయి. మోపు కట్టు తెంపితే గడ్డి ఎలా పడితే అలా పడ్డట్టు. ఏదో ఒక కారణం చేత ఒకే వాటం మిగిలితే, ఆ కాంతిని ధ్రువిత కాంతి అంటారు. శబ్దంలో ఈ భేదం లేదు. గాలిలో శబ్దం ముందుకీ వెనక్కీ నెట్టుకుంటూ పోతుందే గానీ అడ్డంగా ఊగదు. అందుకే కాంతి ఎలాంటి అల అని తేల్చింది ఈ ధ్రువణమే. ఇంత ముఖ్యమైన సాక్ష్యాన్ని మనం ఛాయిస్‌లో వదిలేస్తున్నాం!

ఇక పుస్తకాల్లో వేసే బొమ్మ సంగతి. కిటికీ ఊచల మధ్య నుంచి తాడు పోతున్నట్టు వేస్తారు. ఊచలు నిలువుగా ఉంటే నిలువు అల పోతుంది, పక్కలకి ఊగే అల ఆగిపోతుంది. మొదట్లో ఇది బాగానే ఉంటుంది. అక్కడే ఆగిపోతే మాత్రం ఈ బొమ్మ మోసం చేస్తుందంటాను. పిల్లల మనసులో ఇది జల్లెడ లాగా స్థిరపడిపోతుంది: కొన్ని పోతాయి, కొన్ని ఆగుతాయి, అంతే అని. అది నిజమో కాదో తేల్చే ప్రయోగం చాలా చిన్నది.

సెల్లు మార్చినా పనిచేయని కాలిక్యులేటర్ ఒకటి తీసుకోండి. (పనిచేసేది విప్పకండి, లెక్కల సార్ చేతిలో నా పని అయిపోతుంది.) అంకెలు కనబడే గాజు పలక మీద పొగరంగు ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. గోరుతో ఒక మూల లేపి నెమ్మదిగా పీకితే వచ్చేస్తుంది. గాజు పలుచగా ఉంటుంది, చేతులు తెగుతాయి, అందుకే సైన్స్ సార్ ఎదురుగా చేయాలి. గాజు పగిలితే లోపలి ద్రవాన్ని ముట్టుకోకూడదు. ఆ పొరే ధ్రువణకారి. కత్తెరతో మూడు ముక్కలు చేయండి.

ఒక ముక్కని కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే కొంచెం నల్లద్దంలా ఉంటుంది, తిప్పినా ఏ మార్పూ రాదు. దాని మీద రెండో ముక్క పెట్టి తిప్పండి. ఒక చోట వెలుగు బాగుంటుంది. అక్కణ్నుంచి సరిగ్గా లంబకోణం తిప్పేసరికి కటిక చీకటి. పలుచని రెండు ప్లాస్టిక్ ముక్కలు కలిసి ఎండని ఆపేశాయి! ఇంతవరకూ జల్లెడ కథ సరిపోయింది. నిలువు ఊచలు, అడ్డం ఊచలు, ఏదీ పోలేదు.

ఇప్పుడు మూడో ముక్కని ఆ రెండింటి మధ్యలోకి ఏటవాలుగా, నలభై అయిదు డిగ్రీలకి దూర్చండి. చీకటిలో వెలుగొస్తుంది!

పిండి జల్లించే అక్కలు చెప్పండి. రెండు జల్లెడల్లోంచి రాలని పిండి, మధ్యలో మూడో జల్లెడ పెడితే రాలుతుందా? ఎక్కడైనా ఉందా? జల్లెడ కథ ఇక్కడ చచ్చిపోయింది. నిర్వచనం బట్టీ పట్టినవాడు ఈ ఒక్క ప్రశ్న దగ్గర నోరు తెరవలేడు. ఫిల్ము ముక్కలు చేత్తో పట్టుకొని చూసిన ఏడో తరగతి తమ్ముడు "ఎందుకన్నా?" అని అడుగుతాడు. చదువు అక్కడ మొదలవుతుందని నా ఉద్దేశం.

ఎందుకంటే, ఫిల్ము జల్లెడ కాదు. మన బడి పెద్ద గేటు లాంటిది. ఆ గేటు పట్టాల మీద జరుగుతుంది కదా. పట్టా వెంబడి నెడితే హాయిగా పోతుంది. ఎదురుగా నిలబడి గుద్దితే అంగుళం కూడా కదలదు. ఏటవాలుగా నెడితే? మన బలంలో పట్టా వెంబడి ఉన్న వంతు మాత్రమే పనికొస్తుంది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మనం ఏ వాటంగా నెట్టినా గేటు జరిగేది మాత్రం దాని పట్టా వాటంలోనే. ఫిల్ము కూడా వచ్చిన కాంతిలో తన వాటం వంతు తీసుకుని, తన వాటంలోనే బయటికి పంపుతుంది. మొదటి ఫిల్ము దాటిన కాంతి నిలువు వాటంలో ఉంది. చివరి ఫిల్ము పడుకున్న వాటం. నిలువులో పడక వంతు సున్నా, కాబట్టి చీకటి. మధ్యలో ఏటవాలు ఫిల్ము పెట్టేసరికి నిలువు కాంతి కొంత ఏటవాలు కాంతిగా మారింది. ఏటవాలులో పడక వంతు ఉంటుంది. అదే బయటికొచ్చింది. మామూలు వెలుగులో మొదటి ఫిల్ము సగం తీసేస్తుంది, రెండోది మిగిలినదాంట్లో సగం, మూడోది అందులో సగం. ఎనిమిదో వంతు రావాలి. ఇది కాగితం మీద లెక్క. నిజం ఫిల్ములు దారిలో ఇంకా కొంత మింగేస్తాయి.

ఇదే మాలస్ నియమం. ఒక్క 'కాస్ స్క్వేర్' ముక్కగా బట్టీ పట్టేది. గేటు నెట్టిన ఎవరికైనా దాంట్లో సగం ముందే తెలుసు: పట్టా వెంబడి వంతు అనేది 'కాస్'. వెలుగు ఎంతో తెలియాలంటే ఆ వంతుని దానితోనే గుణించాలి, అందుకే 'స్క్వేర్'.

ఊచల బొమ్మ మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. ఈ ఫిల్ములో పొడవాటి అణువుల్ని ఒకే దిక్కుకి సాగదీసి, వాటికి అయోడిన్ పట్టిస్తారు. ఆ అణువుల గొలుసు వెంబడి ఊగే కాంతిని అవి మింగేస్తాయి. గొలుసుకి అడ్డంగా ఊగేదే బయటపడుతుంది. అంటే ఊచలు నిలువుగా ఉంటే నిలువు అల ఆగిపోవాలన్నమాట. పుస్తకం బొమ్మకి సరిగ్గా తిరగేసి!

ఈ ఫిల్ము పుట్టుక కూడా మన ఏజెన్సీ పిల్లలు వినాల్సిన ముచ్చట. మలేరియాకి క్వినైన్ మందు పేరు మన తాతల కాలం నుంచీ విన్నాం. 1852లో ఇంగ్లండులో హెరాపత్ అనే డాక్టరు దగ్గర చదివే కుర్రవాడు, క్వినైన్ తాగించిన కుక్క ఉచ్చలో అయోడిన్ చుక్క వేశాడు. ఎందుకు వేశాడో ఆయనకే తెలియాలి. ఆకుపచ్చగా మెరిసే సూదుల్లాంటి స్ఫటికాలు వచ్చాయి. హెరాపత్ వాటిని సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు స్ఫటికాలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డచోట నల్లగా ఉంది. మన రెండు ఫిల్ము ముక్కల చీకటి అదే. 1929 నాటికి అమెరికాలో ఎడ్విన్ ల్యాండ్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు ఆ సన్నని స్ఫటికాల్ని ప్లాస్టిక్‌లో ఒకే దిక్కుకి పేర్చి ఫిల్ము చేశాడు. అయోడిన్ పట్టించిన ప్లాస్టిక్ పొర ఆ తర్వాత ఆయనే చేశాడు. ఇవాళ కాలిక్యులేటర్లో, ఎల్‌సీడీ టీవీలో, కంప్యూటర్ తెరలో ఉన్నది ఆ వంశమే. కుక్క ఉచ్చ నుంచి కంప్యూటర్ దాకా! ఇలాంటి కథ చెప్తే ఏ పిల్లాడు మర్చిపోతాడు?

కంప్యూటర్ గదిలో ఇంకో తమాషా చేయొచ్చు. తెల్లటి ఎల్‌సీడీ తెర ముందు మన జామెట్రీ బాక్సులో ప్లాస్టిక్ కోణమానిని పెట్టి, ఫిల్ములోంచి చూడండి. రంగు లేని ప్లాస్టిక్‌లో ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తాయి. అచ్చులో పోసేటప్పుడు ప్లాస్టిక్ ఎక్కడెక్కడ ఒత్తిడికి గురైందో ఆ చారలు చెప్తాయి. గ్లాసులో చిక్కటి పంచదార పాకం పెట్టి ఫిల్ము తిప్పినా రంగులు మారతాయి. పంచదార, కాంతి వాటాన్ని మెలితిప్పుతుంది. పాకం చిక్కగా ఉంటే ఎక్కువ తిప్పుతుంది, పలుచగా ఉంటే తక్కువ. చక్కెర మిల్లుల్లో చెరకు రసంలో పంచదార ఎంతుందో ఈ పద్ధతిలోనే కొలుస్తారు. చిన్నరసాల మీద చేయొచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగాడు. మామిడి గుజ్జులోంచి కాంతి అవతలికి పోదు తమ్ముడూ. పైగా ప్రయోగం పూర్తయ్యేదాకా మనవాళ్లు రసం మిగల్చరు.

ఇక మేడ సంగతికొస్తాను.

నీలాకాశం కాంతి కూడా వాటం పట్టిందే. ఎండ గాలిలోని అణువులకు తగిలి చెదురుతుంది, అందుకే ఆకాశం నీలం అని మన పాఠంలో ఉంది. ఆ చెదిరిన కాంతికి ఒక వాటం వస్తుందని పాఠంలో లేదు. సూర్యుడికి లంబకోణంలో ఉన్న ఆకాశంలో అది బాగా కనిపిస్తుంది. బొటనవేలు, చూపుడువేలు లంబంగా చాపి, బొటనవేలు సూర్యుడి వైపు ఉంచండి. ఇప్పుడు బొటనవేలు కదలకుండా చేయి తిప్పితే చూపుడువేలు ఎక్కడెక్కడ చూపిస్తుందో అక్కడల్లా ఉందన్నమాట. సూర్యాస్తమయం వేళ అది ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణం దాకా పెద్ద పట్టీ. ఫిల్ము తిప్పుతుంటే ఆ పట్టీ ముదురు నీలంగా మారి మళ్లీ తేలిపోతుంది. సూర్యుడి వైపు మాత్రం ఫిల్ములోంచి కూడా చూడకూడదు, అది కళ్లను కాపాడదు.

తేనెటీగలకి ఫిల్ము అక్కర్లేదు. ఆకాశంలో ఆ వాటాన్ని అవి కంటితోనే చూస్తాయని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే ఆయన 1949లో చూపించాడు. తేనె తీసే ఇళ్ల నుంచి వచ్చిన మనవాళ్లకి తెలుసు, సూర్యుడు మబ్బు చాటున ఉన్నా ఈగ తన పట్టుకి దారి తప్పదు. మబ్బుల సందులో నీలం ముక్క ఒకటి కనిపిస్తే దానికి చాలు. మన పెద్దలు ఈగ వెనకాల పోయి పట్టు కనిపెట్టేవాళ్లు, ఈగ ఆకాశాన్ని చూసుకుంటూ పోయేది.

నీళ్ల మీద పడి తిరిగొచ్చే మెరుపుకీ వాటం ఉంటుంది. తోటలో నీళ్లకుంటని ఫిల్ములోంచి ఏటవాలుగా చూస్తూ తిప్పితే, ఒక చోట మెరుపు పోయి లోపలి ఆకులు, చేపపిల్లలు కనబడతాయి. నిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీల కోణంలో చూస్తే బాగా పోతుంది. 1815లో బ్రూస్టర్ చెప్పిన నియమం ఇదే. ఈ చిన్న ఉపాయంతోనే సి.వి. రామన్ సముద్రాన్ని ప్రశ్నించాడు. 1921లో ఇంగ్లండు నుంచి నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తున్నాడు. సముద్రం నీలం ఆకాశం నీలానికి ప్రతిబింబమే అని అప్పటి పెద్దల మాట. రామన్ జేబులో నికోల్ పట్టకం ఉంది, మన ఫిల్ముకి పెద్దన్న లాంటిది. ఆ కోణంలో పట్టుకొని పైమెరుపు తీసేసి చూశాడు. ఆకాశం ప్రతిబింబం పోయింది, సముద్రం నీలం పోలేదు, ఇంకా ముదిరింది. అంటే నీళ్లు తమంతట తామే కాంతిని చెదరగొడుతున్నాయి. ఆ దారిలో నడిచి నడిచి 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం దగ్గరికి చేరారు. మనం ఏటా సైన్స్ డే రోజు వ్యాసరచన పోటీ పెట్టుకుంటాం, రామన్ బొమ్మకి దండ వేస్తాం. ఆయన జేబులో ఉన్న వస్తువు పేరు మాత్రం ఎవరికీ చెప్పం.

ఇంతకన్నా దగ్గరి కథ ఉంది. నూజివీడు నుంచి విజయవాడ పోయే దారిలో ఆగిరిపల్లి మనకందరికీ తెలుసు. శోభనాచలం తిరునాళ్లకి పోయినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ ఆగిరిపల్లిలో 1909 అక్టోబర్ 14న సూరి భగవంతం గారు పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. అప్పటికి ఆయన వయసు పంతొమ్మిది లోపే, మన హాస్టల్ నుంచి డిగ్రీలో చేరిన అన్నల వయసు. 1931లో రామన్, భగవంతం ఇద్దరి పేర్లతో ఒక పరిశోధన వచ్చింది. చెదిరిన కాంతి ఎంతవరకు వాటం పట్టి ఉందో జాగ్రత్తగా కొలిచి, కాంతి కణమైన ఫోటాన్‌కి తనదైన స్పిన్ ఉందని అందులో వాదించారు. అంటే ధ్రువణాన్ని కొలిచి కాంతి లోపలి గుట్టు అడిగారు. ఆ అడిగినవాళ్లలో ఒకాయన మన మామిడితోటల ఊరివాడు! తర్వాత ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్ అయ్యారు, బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థకి డైరెక్టర్ అయ్యారు, దేశ రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. 1989లో కాలం చేశారు. మన వరండాలో న్యూటన్, ఐన్‌స్టీన్ బొమ్మలున్నాయి, ఉండనివ్వండి. వాళ్ల పక్కన ఈయన బొమ్మ కూడా పెట్టాలని నా విన్నపం.

ఇప్పుడు నాకు ఎదురయ్యే మాటలు.

మా క్లాసులోనే ఒకడన్నాడు, "పదిలో రాని పాఠం మీద టైం దండగ. పది మార్కులు చూసే నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటిస్తారు, ముందు అది చూసుకో." వాడి మాట తేలిగ్గా తీసేయను. మన ఇళ్ల పరిస్థితి నాకు తెలుసు. మా అమ్మ కాయ కోతల కాలంలో తోటల్లో కూలికి పోతుంది. ఆ సీటు వస్తే ఇంట్లో ఏం మారుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఒకటి ఆలోచించండి. మన హాస్టల్ నుంచి బయటికి పోయాక ఎం.పి.సి. తీసుకోవడానికి ఎంతమంది భయపడుతున్నారు? "ఫిజిక్స్ మనవల్ల కాదు" అనే మాట మొదట ఎక్కడ పుడుతోంది? ఇలా చూడకుండా చదివిన పాఠాల దగ్గరే. సీటు వచ్చినవాళ్లకైనా అక్కడ మొదటి రెండేళ్లు ఇంటర్ పాఠాలే. అప్పుడు ఈ ధ్రువణం ఎదురొస్తుంది. ఫిల్ము తిప్పి చూసినవాడికి అది తెలిసిన ముఖం.

ఇంకో మాట ఉపాధ్యాయుల వైపు నుంచి వచ్చింది. సిలబస్ అయ్యేసరికే జనవరి వస్తోంది, అదనపు ప్రయోగాలకు పీరియడ్ ఎక్కడిది అని. నిజమే. అందుకే నేను పీరియడ్ అడగడం లేదు. ఆటల పీరియడ్ అయ్యాక, స్టడీ అవర్ గంట కొట్టేలోగా ఉన్న అరగంట అడుగుతున్నాను. ఆకాశం ప్రయోగానికి ఆ వేళే కావాలి కూడా. మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడు ఆ పట్టీ చుట్టూ దిగంతాల దగ్గరికి పోతుంది, దాన్ని మామిడిచెట్లు మూసేస్తాయి.

ఇక వార్డెన్ గారి మాట. మేడకు తాళం ఎందుకు పడిందో అందరికీ తెలుసు. పక్క తోట కొమ్మ ఒకటి మన మేడ మీదకి వంగింది. కాయలు తగ్గుతున్నాయని తోట కౌలుదారు వచ్చి గొడవ చేశాడు. తాళం వేయడం తప్పని నేను అనను, కౌలుదారుకి అది ఏడాది బతుకు. పూతకి మంచు పట్టినా, పిందె రాలినా నష్టపోయేది ఆయనే. కానీ కొమ్మ కోసం వేసిన తాళం ఆకాశానికి కూడా పడింది. కాయలు దిగిపోయాక కూడా తీయలేదు. నలుగురు కోసిన కాయలకి మూడు వందల మంది ఆకాశం చూడకూడదంటే న్యాయం కాదని వినయంగా మనవి చేస్తున్నాను. ఆ కొమ్మ ఉన్న వైపు తాడు కట్టి, పి.ఇ.టి. సార్‌ని నిలబెట్టినా మాకు అభ్యంతరం లేదు. ఆయన్ని దాటి కాయ కోసే మొనగాడు మన హాస్టల్లో ఇంకా పుట్టలేదు.

స్టోర్ రూములో పాడైన వస్తువుల అట్టపెట్టె ఒకటుంది. దాంట్లో పనికిరాని కాలిక్యులేటర్లు కనీసం నాలుగు ఉన్నాయని అటెండర్ బాబాయి చెప్పాడు. అవి సైన్స్ సార్‌కి ఇప్పిస్తే ముప్ఫై మందికి సరిపడా ముక్కలవుతాయి. సెల్‌ఫోన్లు మాకు వద్దు, ఆ నిబంధన జోలికి నేను పోవడం లేదు.

వార్డెన్ గారు ఒప్పుకుంటే మొదటి జట్టు ఈ ఆదివారం సాయంత్రం, సూర్యుడు కుంకడానికి అరగంట ముందు. ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ముందు అవకాశం, పదివాళ్లం చివర్న వెళ్తాం. పేర్లు ఇవ్వదలచినవాళ్లు ఈ కాగితం కింద ఖాళీలో పెన్సిలుతో రాయండి. ఎవరి ట్రంకుపెట్టెలోనైనా చచ్చిపోయిన కాలిక్యులేటర్ ఉంటే తెచ్చివ్వగలరు. తిరిగి ఇవ్వబడదు.

— పదో తరగతి విద్యార్థి, 'బి' సెక్షన్